అగపడని లోకమును చూపిన బొమ్మల చిత్రములు



బొమ్మల చలనచిత్రమనగానే అది పసివారి వినోదమేగదా యని పెద్దలు పలువురు తలంతురు. జపాను దేశీయుడగు మియజాకి హయావో చిత్రములను ఒక్కమారు చూచినవారు ఆ మాట మరల అనజాలరు. 1941లో టోక్యో నగరమున జన్మించిన ఈయన 1985లో తకహత ఇసావో మున్నగు మిత్రులతో గూడి జిబ్లీ చిత్రనిర్మాణశాలను నెలకొల్పెను. ఆ చిత్రములకు నేడు దేశదేశములందు అభిమానులు గలరు.

ఈ యభిమానమునకు కారణమేమి? జపానీయుల ప్రాచీన విశ్వాసమున కొండకు, చెట్టునకు, ఏటికి ఒక్కొక్క దేవత గలదు. తెలుగువారు ముక్కోటి దేవతలన్నట్లు వారు ఎనుబది లక్షల దేవతలందురు. అది లెక్క చెప్పుటకు గాదు, లెక్కకు మించినవారని చెప్పుటకే. మియజాకి ఆ దేవతలను గుడిలో కూర్చుండబెట్టక పిల్లల యెదుటికి నడిపించుకొని వచ్చెను.

1988లో వెలువడిన 'నా పొరుగువాడు తొతోరో' యను చిత్రమున, తల్లి ఆసుపత్రిలో నుండగా అక్కచెల్లెండ్రిద్దరు తండ్రితో పల్లెకు వత్తురు. నాలుగేండ్ల చిన్నది కర్పూరవృక్షపు తొఱ్ఱలో బడి, నిద్రించుచున్న మహాకాయుడగు తొతోరోను చూచును. తండ్రి దానిని కల్లయని త్రోసివేయడు. అది వనదేవతయై యుండునని చెప్పి, పిల్లలను వెంటబెట్టుకొనిపోయి ఆ చెట్టునకు వంగి నమస్కరించును. ఈ కథలో దుష్టుడొక్కడును లేడు. అమ్మకేమగునో యను పసిగుండెల భయమొక్కటియే కలదు. చూచువారి కన్నులు చెమర్చుటకు అది చాలును.

2001 నాటి చిత్రమున పదేండ్ల చిహిరో దేవతల స్నానశాలలో పనికి కుదురును. యజమానురాలు ఆమె పేరును లాగికొనును. అచ్చట పేరు మరచినవారికి ఇల్లు చేరు దారి లేదు. ఒకనాడు దుర్గంధముతో బురదముద్దవంటి అతిథి వచ్చును. అందరును ముక్కు మూసికొనగా ఆ బాలికయే సేవకు పూనుకొని, ఆతని మేనిలో గ్రుచ్చుకొన్నదానిని లాగించును. పాత సైకిలొకటి బయటపడి, దాని వెంట గుట్టలుగా చెత్త వచ్చును. అతడు మనుష్యులు మలినపరచిన నదీదేవత! అందే మరియొక నదీదేవత కలడు. అతని యేటిని పూడ్చి ఇండ్లు కట్టిరి. తాను పసితనమున పడిన ఆ యేటి పేరును బాలిక స్మరింపగనే అతనికి తన పేరు దక్కును. ఈ చిత్రమునకు 2002లో బెర్లిను చిత్రోత్సవమున స్వర్ణ భల్లూకమును, 2003లో ఆస్కారు బహుమానమును లభించినవి.

ఇది మూఢవిశ్వాసమును పెంచుట కాదా యని కొందరు శంకింపవచ్చును. 1997 నాటి 'మోనోనోకె రాకుమారి' దీనికి సమాధానము. అందు ఇనుము కొఱకు అడవిని నరికించు నాయకురాలే కుష్ఠురోగులకును, దిక్కులేని స్త్రీలకును ఆశ్రయమిచ్చును. దేవతను కొలువుమని చిత్రకారుడు చెప్పలేదు. కడుపు నింపుకొనుచునే అడవిని నిలుపుకొను మార్గమేదని మాత్రము అడిగెను.

ఆ ప్రశ్న తెరతోనే ముగియలేదు. తొతోరో కథకు ప్రేరణయైన సయామ కొండల వనములు ఇండ్లస్థలములకు బలియగుచుండగా, 1990లో ప్రజలు అనుమతిపొంది తొతోరో పేరట నిధిని ప్రారంభించిరి. 1991లో మొదటి తోపును కొనిరి. నేటికి ఏబదికి మించిన తోపులు అట్లు రక్షింపబడినవి. లేని ప్రాణిపై ప్రేమ ఉన్న చెట్లను కాపాడెను.

గ్రంథాలయాభిమానులు గమనింపదగినది మరియొకటి. మియజాకి విద్యార్థిదశలో బాలసాహిత్య పఠనమండలిలో సభ్యుడు. వార్ధకమునను తనకు ప్రియమైన ఏబది బాలల పుస్తకములను ఎంచి లోకమునకు పరిచయము చేసెను. ఆ ఊహలకు పుస్తకములును నీరు పోసినవి.

ప్రతి గ్రామమునను చెఱువునకు, దిబ్బకు, ఊడలమఱ్ఱికి ఒక పేరును, ఒక కథయును గలవు. వానిని ఎఱిగిన వృద్ధులు నేడు కొలదిమందియే. ఆ పేర్లను విని, వ్రాసి, ఈ గ్రంథాలయమున భద్రపరచిన పక్షమున ఈ రజతోత్సవము సార్థకమగును. పేరు నిలిచినచో దారియు నిలుచును.