పోయినోళ్ల పేర్లున్నాయి, ఉన్నోళ్ల పేర్లేవి?

(విశాఖపట్నం గాజువాకలో పేటల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయో వెతకడం ఎలాగన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. తీరుబడి ఉన్నోళ్ల ముచ్చట ఇది అనుకోవద్దు. పై కులపోడికి వంశవృక్షం గొప్ప చెప్పుకోడానికి కావాలి. మనకి బతకడానికి కావాలి. కులం సర్టిఫికెట్టుకి వెళ్తే తండ్రి కాగితం ఏది, తాత కాగితం ఏది అంటారు. నిర్వాసితుడివైతే రుజువు చూపించు అంటారు. మన నోటి మాట ఏ ఆఫీసులోనూ చెల్లదు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. మా ముందు తరం సంతకం వేలిముద్ర. అందుకే కాగితం విలువ మాకు బాగా తెలుసు.

ఈ వెతుకులాటను ప్రపంచంలో పట్టుదలగా చేస్తున్నవాళ్లు యూదులు. తూర్పు యూరపులో తరిమితే ఓడలెక్కి అమెరికా చేరినవాళ్ల మనవలు ఇప్పుడు తాతల ఊళ్లు వెతుకుతున్నారు. అక్కడ జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లు మూసి ఉంచి తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. ఇంటింటి పేర్లు, వయసులు, పుట్టిన దేశం అందులో ఉంటాయి. మతం అడిగే గడి లేదు. మరి యూదుడని ఎలా తెలుస్తుంది? 1910, 1920 లెక్కల్లో వలస వచ్చినవాళ్ల తల్లిభాష అడిగారు. 'యిడ్డిష్' అని రాసి ఉంటే ఆ ఇల్లు యూదుల ఇల్లని పట్టుకుంటారు. అక్కణ్ణించి ఓడ జాబితాకి, ఓడ జాబితా నుంచి పాత ఊళ్లో జనన మరణాల పుస్తకానికి వెళ్తారు. ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతారు.

ఇందులో రెండో ముఖం కూడా చూడాలి. 1939 మే నెలలో హిట్లర్ ప్రభుత్వం జర్మనీలో జనాభా లెక్క తీసింది. నీ తాతలు ఇద్దరూ, అమ్మమ్మ నానమ్మలూ, ఈ నలుగురిలో ఎవరు యూదులు అని అడిగింది. హాలెండులో జనాభా రిజిస్టర్లు చాలా పక్కాగా ఉండేవి. అక్కడి సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడ్డారు. ఎవరు ఎక్కడున్నారో ఆ రిజిస్టర్లే చూపించాయి. మన దేశంలో 1871 నేరస్థ జాతుల చట్టం కిందా రిజిస్టర్లు పెట్టారు. ఆ చట్టం పోయేదాకా ఎరుకలవాళ్లలాంటి జాతుల మనుషుల పేర్లు పోలీసు పుస్తకాల్లో నడిచాయి. రిజిస్టరు కత్తిలాంటిది. పిడి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇక మన సంగతి. మద్రాసు రాజధానిలో 1871 నుంచి, పదేళ్లకోసారి మనల్ని లెక్కపెడుతూనే ఉన్నారు. తాలూకాలో ఇన్ని వేల మంది మాలలు, ఇన్ని వేల మంది మాదిగలు, ఇందరు రెల్లివాళ్లు అని పట్టికలు అచ్చయ్యాయి. ఆ పట్టికల్లో మీ తాత ఉన్నాడు, కాని పేరు లేదు. ఇంటింటా రాసిన చీట్లు లెక్క తేలాక ఉంచలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి గురించి రాసుకున్నదాన్ని బయటివాళ్లు చూడకూడదు, సాక్ష్యంగా కూడా చెల్లదు. గుట్టు కాపాడడానికి ఆ చట్టం అవసరమే, మేము కాదనం. కాని దాని అర్థం తెలుసుకోండి. సెన్సస్‌లో మనం అంకెలమే, మనుషులం కాము. తాత పేరు కోసం అక్కడ వెతికితే కాలం వృథా.

అంకెల్లో కూడా ఒక చిక్కు ఉంది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మగారి అధ్యక్షతన మనవాళ్లు 'పంచములం కాము, ఆది ఆంధ్రులం' అని చాటారు. 1931 లెక్కల్లో చాలామంది మాలలు, మాదిగలు ఆది ఆంధ్ర అనే రాయించుకున్నారు. 1950 తర్వాత అందరూ షెడ్యూల్డ్ కులాలు. అంటే ఒకే కుటుంబం మూడు చోట్ల మూడు పేర్లతో ఉండొచ్చు. తాత కాగితంలో ఆది ఆంధ్ర అని, మనవడి కాగితంలో మాల అని ఉంటే గుమాస్తా అనుమానంగా చూస్తాడు. భయపడొద్దు. ఆది ఆంధ్ర కూడా ఎస్సీ జాబితాలో ఉన్న పేరే. ఈ చరిత్ర చెప్పి నిలబడండి.

మరి పేరుతో సహా మనవాళ్లు ఎక్కడ దొరుకుతారు? వినండి, ఇదొక వింత. ఈ ఉత్తరాంధ్ర నుంచి కూలీలుగా సముద్రం దాటిపోయినవాళ్లు దొరుకుతారు! 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రురో' అనే ఓడ దక్షిణాఫ్రికా డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా కూలీలు అక్కడికి ఒప్పందం మీద పోయారు. అందులో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. మారిషస్‌కీ పోయారు. ఫిజీకీ పోయారు. ఓడెక్కే ప్రతి మనిషికీ రాసుకున్నారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చ. ఎందుకు రాసుకున్నారు? ప్రేమతో కాదు. కొన్న సరుకు పారిపోతే పట్టుకోడానికి. అయితేనేం, ఆ పుస్తకాలు మిగిలాయి. డర్బన్‌లో మనవడు ముత్తాత ఊరి పేరు పట్టుకుని మన జిల్లాకి రాగలడు. ఇక్కడ ఉండిపోయిన ఆ ముత్తాత తమ్ముడి మనవడు మాత్రం తన తాత పేరు ఎక్కడా చూపలేడు. పోయినోడి పేరు ఉంది, ఉన్నోడి పేరు లేదు. రంగం పోయినవాళ్లకి ఆ భాగ్యం కూడా లేదు. వాళ్లని మేస్త్రీలు అప్పు కట్టి తీసుకుపోయారు. అలాంటి ఒప్పందపు కాగితాలు పుట్టలేదు. 1942లో యుద్ధానికి జడిసి నడిచి వచ్చినవాళ్లు ప్రాణాలతో వచ్చారు, కాగితాలతో కాదు.

ఊళ్లో ఉన్నవాళ్లని ఎందుకు రాయలేదు? రాసే కలం ఎవరి చేతిలో ఉందో చూడండి. భూమి లెక్క కరణం రాశాడు. భూమి లేనోడికి ఆ లెక్కలో చోటు లేదు. పుట్టుక, చావు మునసబు రాశాడు. చావు కబురు ఊరూరా కాళ్లరిగేలా మోసినవాడు మన వెట్టివాడు, రాసినవాడు మాత్రం మనవాడు కాదు. రాస్తే 'మాల పోలిగాడు' అని రాశాడు. ఇంటిపేరు ఉండదు. పుట్టిన పిల్లకి పేరే ఉండదు, 'ఫలానావాడి ఆడపిల్ల' అంతే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. కలం చేతులు మారింది, కాని పాత పుస్తకాల్లో రాత మారదు కదా.

మా బడిపంతుళ్ల మాట కూడా చెప్పాలి. అడ్మిషన్ రిజిస్టర్లు తిప్పి చూడండి. మన పిల్లల్లో సగం మంది జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుట్టినట్టు ఉంటుంది. పుట్టిన తేదీ తెలియని తల్లిదండ్రులు చేర్పించడానికి వచ్చిన నెల అది. అయినా మన జాతికి ఆ రిజిస్టరే మొదటి ఆధారం. తండ్రి పేరు, కులం, ఊరు అందులో ఉంటాయి. బాబాసాహెబ్ ఇంటిపేరే చూడండి. తండ్రి బడిలో అంబడవేకర్ అని రాయించారు, సొంతూరు అంబడవే కాబట్టి. బడి పుస్తకంలో ఊరు దాక్కుని ఉంటుందని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

బడి తర్వాత చర్చి. 1805లోనే లండన్ మిషన్ వాళ్లు విశాఖ వచ్చారు. తర్వాత కెనడా బాప్టిస్టులు భీమిలి, విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు పనిచేశారు. మన పేర్లని మొదటిసారి మర్యాదగా రాసిన పుస్తకాలు చాలాచోట్ల అవే. ఒక తేడా గుర్తుంచుకోండి. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి ఆ తేదీ పుట్టిన తేదీ కాదు. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి రిజిస్టర్లు కూడా ఉన్నాయి. అందులో వయసు, తండ్రి పేరు ఉంటాయి.

కాని కత్తికి రెండు వైపులా పదునే అన్నాం కదా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. వాళ్లని మన రాష్ట్రంలో బీసీ-సీలో వేశారు. తాత పేరు రాసిన ఆ చర్చి పుస్తకమే మనవడి సర్టిఫికెట్టు మీదికి సాక్ష్యంగా వస్తుంది. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: తిరిగి వచ్చినవాడు పాత కులాన్ని రుజువు చెయ్యాలి, తిరిగి మారినట్టు చూపాలి, ఆ కులంవాళ్లు ఒప్పుకున్నట్టు చూపాలి. పాత కులం రుజువు కావాలంటే మళ్లీ ఆ పాత పుస్తకమే గతి! మతం మారినా పేట మారలేదు, బావి మారలేదు, శ్మశానం మారలేదు. కాగితంలో మాత్రం కులం పోయిందంటారు. ఈ అన్యాయం మీద మన పోరాటం సాగాల్సిందే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని 1980ల చివరి నుంచి చెప్తున్నాయి. హీబ్రూ నేర్చుకున్నారు, ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఔనో కాదో తేల్చడానికి మేమెవరం? కాని ఒకటి గమనించాం. అమెరికా యూదుడు రిజిస్టరు చూపిస్తున్నాడు. వీళ్లు తమ ఆచారాలే సాక్ష్యమంటున్నారు. కాగితం దక్కనివాడు ఆచారాన్నే కాగితం చేసుకుంటాడు. మూలం కోసం అంత ఆకలి ఎందుకు పుట్టింది? 'ఊరి బయటోడు' అన్న పేరు తప్ప ఇంకో పేరు మనకి ఈ సమాజం ఇవ్వలేదు కాబట్టి.

ఇక మన ఉక్కు నేల. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 32 మంది ప్రాణాలిచ్చారు. ఫ్యాక్టరీ కోసం ఊళ్లకి ఊళ్లు లేచిపోయాయి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ కాలనీల్లో ఉన్నవాళ్లని అడగండి, పుట్టిన ఊరేదంటే మిల్లు వైపు చూపిస్తారు. పట్టా ఉన్నోడు పరిహారం జాబితాలో ఉన్నాడు. పాలేరు, కూలి, పాకీ పని చేసినవాళ్లు ఆ జాబితాలో ఏటున్నారు? పుట్టిన ఊరు మ్యాపులో లేదు, పుట్టినట్టు కాగితమూ లేదు. ఈ మనిషి ఎక్కడివాడని ప్రభుత్వం అడుగుతుంది!

కాబట్టి చెయ్యవలసిన పని చెప్తాం, రాసుకోండి.

ఒకటి. ప్రతి పేటలో ఒక నోటుపుస్తకం పెట్టండి. డెబ్బై దాటిన ప్రతి అవ్వనీ, తాతనీ అడిగి రాయండి. పేరు, ఇంటిపేరు, తల్లి కన్నవారి ఊరు, ఏ తుఫాను ఏడాది పుట్టారు, ఎవరు రంగం పోయారు. ఆడవాళ్ల పేర్లు తప్పకుండా రాయండి. ప్రభుత్వ పుస్తకాల్లో మొదట పోయేవి అవే.

రెండు. 1969 జనన మరణాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి రిజిస్టరు వెతికించి నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఉంది. పంచాయతీలో, కార్పొరేషన్‌లో అడగండి. లేదంటే లేదని రాసిమ్మనండి.

మూడు. బడి రిజిస్టరు నకలు, చర్చి రిజిస్టరు ఫొటో తీసి దాచుకోండి. చెదలు ఆగదు.

నాలుగు. పుట్టిన బిడ్డని 21 రోజుల్లో నమోదు చేయించండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి బడికి, ఓటుకి, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కూలి మానుకుని తిరగాల్సింది మనమే.

తాతలకి కాగితం లేకపోవడం వాళ్ల తప్పు కాదు. మనవలకి కూడా లేకపోతే అది మన తప్పవుతుంది. కలం ఇప్పుడు మన చేతిలో ఉంది. మన పేర్లు మనమే రాసుకుందాం, 'గాడు' లేకుండా, పూర్తి పేరుతో, తల్లి పేరుతో సహా.

జై భీమ్.