బెర్తు లెక్క మిషనులోకి ఎక్కిన రోజులు
(ధరణికోటలో సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు సంస్థ తొలినాళ్ల ముచ్చట్లు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మేము పనిచేసింది సి.ఎం.సి. అనే ప్రభుత్వ సంస్థలో. 1975లో పెట్టారు. 1978లో ఐ.బి.ఎం. వారు మన దేశం విడిచి వెళ్లిపోతే, వాళ్ల మిషన్లు చూసుకునే భారం దీని మీద పడింది. అంటే రిపేరు కోసం పుట్టిన సంస్థ. అదే తర్వాత ప్రోగ్రాములు రాసే సంస్థ అయింది!

మనవాళ్లు రైలెక్కాలంటే గుంటూరో, సత్తెనపల్లో పోవాలి. ఆనాటి రిజర్వేషను పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఏ రైలుకు ఆ రిజిస్టరు, ఏ తేదీకి ఆ పేజీ. గంటసేపు లైనులో నిలబడ్డాక "ఇక్కడ కాదయ్యా, పక్క కిటికీ" అనేవారు. తిరుగు ప్రయాణానికైతే టెలిగ్రాం కొట్టి జవాబు కోసం కాచుకోవడమే. ఖాళీలెన్నో ఆ పుస్తకం పట్టుకున్న గుమాస్తాకే ఎరుక. దళారుల బతుకంతా ఆ పుస్తకం చుట్టూనే.

ఆ పుస్తకాన్ని మిషనులో పెట్టే పని సి.ఎం.సి. చేసింది. పేరు ఇంప్రెస్. 1985లో ఢిల్లీలో మొదలైంది. ఏ కిటికీ దగ్గరైనా ఏ రైలుకైనా టిక్కెట్టు! మిషను టైము దొరికేది తక్కువ గనుక, రాసిన ప్రోగ్రామును ముందు కాగితం మీదే చేత్తో నడిపి చూసుకునేవాళ్లం. అది పెద్ద కష్టం కాదు. అసలు కష్టం రూల్సు. ఆడవాళ్ల కోటా, మధ్య స్టేషన్ల కోటా, అత్యవసర కోటా, సగం టిక్కెట్టు, రాయితీలు, వెయిటింగు లిస్టు. ఒకాయన దారిలో దిగిపోతే అక్కణ్నుంచి ఆ బెర్తు ఎవరిది? ఇవన్నీ సగం కాగితాల్లో, సగం పాత గుమాస్తాల బుర్రల్లో ఉండేవి. వాళ్ల పక్కన కూర్చుని అడగ్గా అడగ్గా ప్రోగ్రాము తయారైంది. "ఈ పెట్టె వస్తే మా గతేంటి బాబూ" అని వాళ్లకు బెంగ. ఆ బెంగతోనే చెప్పారు. వాళ్లు నోరు విప్పకపోతే మా చదువులు ఎందుకూ కొరగాకపోను. ఈ మాట కంపెనీల చరిత్రల్లో అంతగా కనబడదు.

మొదట్లో ఏ నగరం మిషను ఆ నగరానిదే. రైల్వేవారి క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ 1994లో సికింద్రాబాదులో మొదలై, 1999 నాటికి అయిదు కేంద్రాలనూ కలిపింది. 2002 నుంచి ఇంట్లో కూర్చునే టిక్కెట్టు కొంటున్నాం. సి.ఎం.సి. 2001లో టాటావారి చేతికి పోయి, 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయింది. పేరు కూడా మిగల్లేదు.

ఇక సంఘానికి మా మనవి ఒకటి. కంప్యూటరు కోర్సుకు పోయే పిల్లలకు ఉపకార వేతనం ఇస్తున్నారు, సంతోషం. ఇచ్చేముందు ఒక్క నెల మిర్చి కొట్లోనో, రైసు మిల్లులోనో కూర్చోబెట్టి, అక్కడి లెక్క ఎలా నడుస్తుందో రాసుకు రమ్మనండి. కొట్టు యజమానులు ముందు వరసలోనే ఉన్నారు. కాదనరనుకుంటాం.