కమిటీ గదిలో మూడు కుర్చీలు
(డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ స్మారకోపన్యాసం)



అంబేద్కర్ స్మారక సభల్లో సాధారణంగా ఆయన ప్రసంగాల గురించి మాట్లాడుకుంటాం. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం మీలో చాలామంది చదివే ఉంటారు. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆయన ఉపన్యసించని చోటు గురించి, అంటే కమిటీ గది గురించి. సభలో గ్యాలరీ ఉంటుంది, బల్లలు చరిచే సొంత పక్షం ఉంటుంది, మర్నాడు పొద్దున పేపరు ఉంటుంది. కమిటీ గదిలో ఒక బల్ల, దాని మీద కాగితాలు, ఎదురుగా ఒక సాక్షి. అక్కడ గొంతుతో పని లేదు. ముందురోజు రాత్రి కాగితాలు చదివి వచ్చినవాడిదే ఆ గది.

అంబేద్కర్ ఆ గదిలో మూడు కుర్చీల్లోనూ కూర్చున్నారు. సాక్షి కుర్చీలో, ప్రశ్నించేవాడి కుర్చీలో, అధ్యక్షుడి కుర్చీలో.

మొదటి కుర్చీ

1919 జనవరి 27. ఓటు హక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ బొంబాయిలో కూర్చుంది. సాక్షిగా వచ్చిన అంబేద్కర్ వయసు 27 ఏళ్లు. సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు. రాతపూర్వకంగా ఒక వాదం ఇచ్చారు, దాని మీద ప్రశ్నలకు జవాబులూ చెప్పారు. ఆస్తి ఉన్నవాడికే ఓటు అంటే, ఆస్తి సంపాదించే దారులన్నీ కులం మూసేసిన మనిషి మాటేమిటన్నది ఆయన వాదం. తమ తరఫున ఇతరులు మాట్లాడితే చాలదనీ, తమవాళ్లే శాసనసభలో కూర్చోవాలనీ అన్నారు.

1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు రూపాయి మారకం గురించి సాక్ష్యం చెప్పారు. 1928 అక్టోబరు 23న పూనాలో సైమన్ కమిషన్ ముందు కూర్చున్నారు. అప్పటికి బొంబాయి శాసనమండలి సభ్యులు. వయోజన ఓటు ఇస్తే ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వు సీట్లు చాలు, ఇవ్వకపోతే ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నారు. ఈ మెలికను గమనించండి. ఇది వేదిక మీద కేక వేయడానికి పనికొచ్చే మాట కాదు. ‘ఇది ఇస్తే అది వదులుకుంటాం, ఇవ్వకపోతే వదలం’ అనే మాట. షరతులు పెట్టి, తూచి మాట్లాడే వీలు కమిటీ బల్ల దగ్గరే ఉంటుంది.

సైమన్ కమిషన్‌తో కలిసి పనిచేయడానికి వేసిన బొంబాయి రాష్ట్ర కమిటీలోనూ ఆయన సభ్యులే. మిగతావాళ్ల నివేదికతో ఏకీభవించలేక, 1929 మేలో వేరుగా తన నివేదిక తానే రాసి ఇచ్చారు. సంతకం పెట్టకుండా లేచిపోవడం తేలిక. ఎందుకు పెట్టలేదో అంశాలవారీగా రాసి ఇవ్వడంలోనే శాసనసభ్యుడి కష్టమంతా ఉంది.

రెండో కుర్చీ

1933లో లండన్. భారత రాజ్యాంగ సంస్కరణల మీద బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ వేసింది. రెండు సభల నుంచీ పదహారేసి మంది. అధ్యక్షుడు లార్డ్ లిన్‌లిత్‌గో. మనవాళ్లను ప్రతినిధులుగా పిలిచారు గానీ ఓటు ఇవ్వలేదు, నివేదిక మీద సంతకానికీ చోటు లేదు. ఇచ్చింది ఒక్కటే, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం.

విన్‌స్టన్ చర్చిల్‌ను ఆ కమిటీలో సభ్యుడిగా ఉండమన్నారు. ఆయన కాదన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో అదే కమిటీ ముందుకు సాక్షిగా వచ్చాడు. భారతీయులకు అధికారం బదలాయించడాన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తున్న నాయకుడు ఒకవైపు, ఆయన్ని ప్రశ్నించే భారతీయుల్లో ఒకరిగా అంబేద్కర్ మరోవైపు. సభలో చర్చిల్ ధాటికి ఎదురు నిలిచేవాళ్లు తక్కువ. కమిటీ గదిలో మాత్రం సాక్షి ప్రసంగించడానికి కుదరదు. అడిగినదానికి జవాబివ్వాలి, జవాబులోంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. దాట వేస్తే దాట వేసినట్టే అచ్చులో కనిపిస్తుంది.

ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి ఉంది. ఆ కమిటీలో ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు వేశారు. ఎవరు అడిగారు, ఎవరు జవాబిచ్చారు, ఏమన్నారు, అంతా అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1982లో వెలువరించిన అంబేద్కర్ రచనల రెండో సంపుటం తెరవండి. ఓటు లేని, సంతకం లేని ఆ మనిషి అడిగిన ప్రశ్నలు వరసగా కనిపిస్తాయి.

మూడో కుర్చీ

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడింది. సభ్యులు ఏడుగురు. అధ్యక్షుడు అంబేద్కర్. మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అందులో సభ్యులు. తరువాత బి.ఎల్.మిట్టర్ స్థానంలో వచ్చిన ఎన్.మాధవరావు బందరులో పుట్టినవారు. ఆ కమిటీ 141 రోజులు కూర్చుందని అంబేద్కర్ తానే సభకు చెప్పారు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు పోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు, చివరికి భారమంతా అంబేద్కర్ మీదే పడిందని టి.టి.కృష్ణమాచారి 1948 నవంబరు 5న సభలోనే అన్నారు.

ఆ 141 రోజులూ ఆ గదిలో ఎవరేమన్నారు? ఏ మాట దగ్గర అల్లాడి అడ్డుపడ్డారు? దేనికి అంబేద్కర్ సరేనన్నారు? రాజ్యాంగ సభ చర్చలు మాట పొల్లు పోకుండా దొరుకుతాయి. కమిటీ విషయానికి వస్తే మనకున్నవి మినిట్స్, ముసాయిదాలు, ఉత్తరాలు. బి.శివరావు వాటిని 1960లలో సంపుటాలుగా కూర్చకపోతే అవి కూడా ఇంత సులువుగా దొరికేవి కావు. మినిట్స్‌లో నిర్ణయం ఉంటుంది, నిర్ణయానికి వచ్చిన దారి ఉండదు.

పరాయి పాలనలో అడిగిన ప్రశ్నకు నంబరు మిగిలింది. సొంత రాజ్యాంగం రాసుకుంటూ అన్న మాటకు ఆనవాలు దొరకదు. ఈ రెండు కుర్చీల మధ్య దూరం పద్నాలుగేళ్లు.

నేటి గది

కమిటీ గదిలో అన్న మాటకు ఆనవాలు మిగల్చని ఆ అలవాటు మనల్ని ఇంకా వదల్లేదు. ప్రజా పద్దుల కమిటీ 1921 నుంచీ ఉంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో పదిహేడుగా మొదలై ఇప్పుడు 24 అయ్యాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. నియమాల ప్రకారం వాటి సమావేశాలు తలుపులు మూసుకునే జరుగుతాయి. సాక్ష్యం మాట మాటా రికార్డవుతుంది గానీ మామూలుగా నివేదికతోపాటు బయటికి రాదు. నివేదికలో ప్రశ్న వేసింది ఎవరని వెతకండి. ‘కమిటీ తెలుసుకోగోరింది’ అని ఉంటుంది. వెనక ఉన్న మినిట్స్‌లో హాజరైనవారి జాబితా ఉంటుంది. రాత్రంతా చదివి వచ్చి కార్యదర్శిని నిలదీసిన సభ్యుడూ, టీ తాగి వెళ్లిన సభ్యుడూ ఆ జాబితాలో ఒకే వరసలో ఉంటారు.

ప్రజా పద్దుల కమిటీకి మన ఎన్.జి.రంగా, పి.వి.నరసింహారావు, ఇ.అయ్యపురెడ్డి అధ్యక్షత వహించారు. సభలో వాళ్ల ప్రసంగాలు ఏ విద్యార్థి అయినా తీసి చదువుకోవచ్చు. అధికారుల్ని వాళ్లు ఎలా ప్రశ్నించారో చదువుకుందామంటే మాత్రం అది సులువు కాదు.

రహస్యాన్ని సమర్థించేవారి మాటలో నిజం లేకపోలేదు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చాక సభలో విప్ చెప్పినట్టు ఓటు వేయాల్సిందే. కమిటీలో విప్ లేదు. కెమెరా లేదు కనుకే ఎదుటి పార్టీవాడి మాటకు ‘మీరన్నది నిజమే’ అనగలుగుతారు. తలుపులు బార్లా తెరిస్తే ఆ గది కూడా ఇంకో సభ అవుతుందన్న భయం సహేతుకమే.

అయితే కమిటీ గదిలో జరిగేవి రెండు వేర్వేరు పనులు. సాక్షిని ప్రశ్నించడం ఒకటి, తమలో తాము తర్కించుకుని నిర్ణయానికి రావడం ఇంకొకటి. బ్రిటన్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీలు మొదటిదాన్ని సాధారణంగా బహిరంగంగా చేసి అచ్చు వేస్తాయి, రెండోదాన్ని తలుపులు మూసుకుని చేసుకుంటాయి. మనకూ ఇది కొత్తేమీ కాదు. 1965 నాటి పేటెంట్ల బిల్లు మీద కూర్చున్న సంయుక్త కమిటీ, సాక్ష్యాలను సంపుటాలుగా అచ్చు వేయించింది. దాంతో ఏ కమిటీ కొంపా మునగలేదు.

కనుక నా మనవి చిన్నది. తర్జనభర్జన రహస్యంగానే ఉండనివ్వండి. దేశ భద్రత వంటి వాటిని మినహాయించి, సాక్ష్యాన్ని మాత్రం అడిగినవారి పేరుతో, నివేదికతోపాటే అచ్చు వేయండి. అది కష్టమనుకుంటే, కనీసం ఆ లోక్‌సభ గడువు ముగిశాక తెరవండి. అసలు కమిటీకి వెళ్లే బిల్లులే తగ్గిపోతున్నాయి. పదిహేనో లోక్‌సభలో దాదాపు 71 శాతం వెళితే, పదిహేడో లోక్‌సభలో దాదాపు 16 శాతమే వెళ్లాయి. ఆ గదిలో ఏం జరుగుతుందో జనానికి తెలియనప్పుడు, అది మూతపడుతున్నా అడిగేవాడు ఉండడు.

న్యాయశాస్త్రం చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ లైబ్రరీలో ఆ రెండో సంపుటం తీయండి. అంబేద్కర్ ప్రసంగాల జోలికి పోకుండా ముందు ఆయన ప్రశ్నలు చదవండి. జవాబు కాసేపు అరచేత్తో మూసి, తరువాత ఆయన ఏం అడుగుతారో ఊహించండి. మొదట్లో తప్పుతారు. తప్పినచోట ఆగి, ఆయన మీకంటే ముందుగా ఏ కాగితం చదివి ఉంటారో వెతకండి. శాసనసభ్యుడి చదువు అక్కడ మొదలవుతుంది. ఆ తరువాత మీ నియోజకవర్గం ఎంపీ ఎదురైతే, సభలో ఎంతసేపు మాట్లాడారని అడగకండి. కమిటీలో ఆయన అడిగిన ఒక్క ప్రశ్న చెప్పమనండి.