వస కాని వస



పసిబిడ్డకు మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్ళలో అలవాటే. అమెరికాలో మనవల దగ్గరకు వెళ్ళేవారికి ఒక్క మనవి. అక్కడ చెరువు గట్లమీద కత్తుల్లాంటి ఆకులతో పెరిగే పసుపు పూల ఐరిస్, పూత లేనప్పుడు అచ్చం వసలాగే ఉంటుంది. 1753లో లిన్నేయస్ పెట్టిన 'సూడకోరస్' అనే పేరుకు అర్థమే 'దొంగ వస'.

వస ఆకు నలిపితే ఘాటైన సువాసన వస్తుంది, దీనికి రాదు. వసది వేలంత కంకి. దీని పువ్వుకు మూడు పెద్ద రేకులు కిందికి వాలి, మూడు చిన్నవి నిటారుగా నిలుస్తాయి. ఐరోపానుంచి తోటల అందానికి తెచ్చిన మొక్క, గింజలు నీటిపై తేలిపోయి వాగుల వెంట కలుపుగా పాకింది.

దీని దుంప తింటే వాంతులు, విరేచనాలు. గట్టున తవ్వి తేకండి. అసలు వసైనా సరే, డాక్టరును అడగనిదే పసిబిడ్డ నోట పెట్టకండి. సెలవు.