ఇంటిబడి పుస్తకాలు, గుమ్మం ముందు నిలబడిన పాప

(బొమ్మనహళ్ళిలో తల్లిదండ్రులు, యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నపిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పాలనుకునేవాళ్ళు ఏ పుస్తకాలు తీసుకోవాలి, అక్కడా ఇక్కడా దొరికినవాటిని ఎలా కలుపుకోవాలి అనే విషయం మీద మాట్లాడమని మమ్మల్ని అడిగారు. మేము విద్యావేత్తలం కాము. ఈ బొమ్మనహళ్ళిలోనే ఉంటున్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళం. మాలో కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళున్నారు, గార్మెంట్స్‌లో టైలరుగా పనిచేసే తల్లి ఉంది. నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆరుగురున్నారు. మూడేళ్ళుగా వంతులు వేసుకుని చెప్పుకుంటున్నాం. ముందుగా మేము చేసిన తప్పులు చెప్తాం. వాటి వల్ల మీకు డబ్బూ, కాలమూ రెండూ మిగులుతాయి.

మొదటి తప్పు, పెట్టె కొనడం. విదేశంలో అచ్చయిన ఒక క్రైస్తవ పాఠ్యప్రణాళికను మొత్తం సెట్టుగా తెప్పించుకున్నాం. క్రైస్తవులు రాసిందే కదా, కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు అనుకున్నాం. కాగితం బాగుంది, బొమ్మలు బాగున్నాయి. కానీ లెక్కల్లో డాలర్లు, సెంట్లు. కొలతల్లో అడుగులు, అంగుళాలు. రుతువుల పాఠంలో ఆకులు రాలే కాలం, మంచు కురిసే కాలం ఉన్నాయి గాని వానాకాలం లేదు. ఆ పుస్తకాల్లో మనలాంటి ముఖం ఎక్కడైనా కనిపించిందంటే, అది సువార్త అందని దేశాల పేజీలోనే. ఆరేళ్ళ పాప ఆ బొమ్మ చూసి, "వీళ్ళు మన అవ్వలాగా ఉన్నారే, వీళ్ళకోసం ఎందుకు ప్రార్థన చేయమంటున్నారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

రెండో తప్పు దానికి పూర్తిగా విరుద్ధం. ఆ పెట్టె పక్కన పెట్టి, ఎవరు ఏది బాగుందంటే అది పోగుచేశాం. మాంటిస్సోరీ పూసలు కొన్ని, ఇంగ్లీషు ఫోనిక్స్ పుస్తకాలు మూడు రకాలు, ఫోన్లో యాప్‌లు, దస్తాల కొద్దీ వర్క్‌షీట్లు. పిల్లలు దేనిలోనూ నాలుగో పాఠం దాటలేదు. నిట్రాడు లేని గుడిసె మీద ఎంత గడ్డి కప్పినా నిలబడుతుందా?

అందుకని మొదట రెండు నిట్రాళ్ళు పాతుకోమని చెప్తున్నాం. ఒకటి, తల్లి భాషలో చదవడం. రెండు, లెక్క. ఈ రెండింటికీ ఒక్కొక్క పుస్తకాన్ని ఎంచుకుని ఏడాది పాటు మార్చకుండా పట్టుకోండి. మిగతావన్నీ వాటి చుట్టూ అల్లుకోవచ్చు.

తెలుగు చదవడం సంగతి చూద్దాం. 56 అక్షరాలూ వరసగా కంఠస్థం చేయించి, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత వత్తులు అంటే, పిల్లవాడు ఒక మాట చదివేసరికి ఏడాది గడిచిపోతుంది. ప, ల, క, త అనే నాలుగు అక్షరాలు వస్తే చాలు: పలక, తల, కల, కలప చదివేస్తాడు. చదివానన్న సంతోషం మొదటి వారంలోనే కలగాలి. ఈ పద్ధతికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఒకటో తరగతి వాచకాలు ఆధారంగా సరిపోతాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి పక్కన కథల పుస్తకాలు ఉండాలి. మన బెంగళూరులోనే 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అనే వేదిక పెట్టారు. అందులో పిల్లల కథలు నాలుగు స్థాయిల్లో, తెలుగులోనూ కన్నడలోనూ ఉన్నాయి. దించుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళ పుస్తకాలు కూడా తక్కువ ధరకే వస్తాయి.

ఇక కన్నడ. "పిల్లలకు తెలుగే బరువు, మళ్ళీ కన్నడ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. ఈ ఊరి కూడు తింటున్నాం, ఈ ఊరి మాట నేర్చుకోవడం మర్యాద. అదీగాక, 2015లో వచ్చిన చట్టం ప్రకారం కర్ణాటకలోని బడుల్లో కన్నడ నేర్పాల్సిందే. రేపు మన పిల్లలు బడిలో చేరితే అది తప్పదు. భయపడాల్సిన పని కూడా లేదు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. తలకట్టు తీరు మారుతుంది, కొన్ని అక్షరాలు మారతాయి. మేము ఒకే కథను స్టోరీవీవర్ నుంచి రెండు భాషల్లోనూ అచ్చు తీసి పక్కపక్కన పెడతాం. తెలుగు చదవడం వచ్చిన ఏడేళ్ళ పిల్లలు కన్నడ అక్షరాలను తామే పోల్చుకున్నారు. ఒకరోజు బేగూరు నాగేశ్వరాలయానికి తీసుకెళ్ళి అక్కడి పాత శాసనం గురించి చెప్పాం. సుమారు 890 నాటి ఆ వీరగల్లు మీద బెంగళూరు అనే పేరు ఉంది. ఆ కాలానికి తెలుగు లిపి, కన్నడ లిపి ఇంకా పూర్తిగా వేరుపడలేదు.

లెక్కలకు మేము పట్టుకున్నది ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2023లో తెచ్చిన జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్. దానికి తోడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020–21 నుంచి తెచ్చిన ద్విభాషా పుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు ఇంతకన్నా అనువైన పుస్తకం మాకు దొరకలేదు. లెక్క మాత్రం ముందు తెలుగులో చెప్పండి. హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి అంకెకూ వేరే పేరు గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పదులూ ఒకట్లూ వాటంతట అవే విడివిడిగా వినిపిస్తాయి. స్థానవిలువ అనే పాఠం సగం మన నోట్లోనే ఉంది. సామాగ్రికి చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత గుండీలు చాలు. అరవింద్ గుప్త గారు చెత్తలో పడేసే వస్తువులతో చేసిన ఆటబొమ్మలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జాదుయి పిటారా అనే ఆటల పెట్టె కూడా ఇదే చెప్తుంది: మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలు ఆడుతూ నేర్చుకోవాలని.

ఇంగ్లీషుకు రోజుకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఒక్క ఫోనిక్స్ పుస్తకం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడపండి. ఆదివారపు బడి పాఠమే వాక్య భాగం. దానికి ఇంకో పుస్తకం కొననక్కరలేదు.

కలుపుకోవడంలో మేము పాటించే కొలత ఇది. ఉదయం గంటన్నర పుస్తకం పని. ఒక్కో పాఠం ఇరవై నిమిషాలకు మించదు. చిన్నపిల్లలకు చిన్న పాఠాలే చెప్పాలని, ప్రతిరోజూ ఆరుబయట తిప్పాలని ఇంగ్లండులో షార్లెట్ మేసన్ నూరేళ్ళకు ముందే చెప్పింది. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం ఇంకా ముందే చెప్పింది. అది పిల్లల చదువును ఇంటికి మాత్రమే కట్టెయ్యదు, దారికి కూడా ముడివేస్తుంది. ఇంటిబడి అనుకునేవాళ్ళం ఆ రెండో సగాన్ని మర్చిపోతుంటాం.

మన దారి హోసూరు రోడ్డు. 2025 ఆగస్టులో పసుపు గీత మెట్రో వచ్చింది. ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 16 స్టేషన్లు. పిల్లలు వాటిని లెక్కపెడతారు, పలకల మీద కన్నడ పేర్లు కూడబలుక్కుంటారు. ఇదే రోడ్డు మీద 2016 ఏప్రిల్ 18న గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది కూర్చున్నారు. తమ పీఎఫ్ డబ్బు మొత్తం తీసుకోవడానికి 58 ఏళ్ళు వచ్చేదాకా ఆగాలన్న నిబంధన వద్దన్నారు. మర్నాడే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. సాంఘికశాస్త్రం అంటూ మేము వేరే పుస్తకం కొనలేదు. ఆ రోజు రోడ్డు మీద కూర్చున్న తల్లి మా మధ్యే ఉంది, ఆమెనే చెప్పమన్నాం.

ఇప్పుడు ఏ పుస్తకం చేతికొచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. ఇందులో కష్టం చేసుకునే మనిషి గౌరవంగా కనిపిస్తున్నాడా? షిఫ్టు చేసి అలసిపోయి వచ్చిన అమ్మ కూడా దీన్ని చెప్పగలదా? పొరుగింటి బిడ్డకు దీన్ని ఇవ్వగలమా? ఈ మూడో ప్రశ్న మాకు మొదట్లో లేదు. అది ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాం.

మేము పాఠాలు చెప్పుకునే ఇంటి ఎదురుగా ఒక కట్టడం లేస్తోంది. అక్కడి రేకుల షెడ్డులో అనంతపురం వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబాలున్నాయి. ఎనిమిదేళ్ళ పాప ఒకతె చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని రోజూ మా గుమ్మం దగ్గర నిలబడేది. పాఠం అయ్యేదాకా కదిలేది కాదు. మేము బిస్కెట్టు ఇచ్చేవాళ్ళం. అదే పెద్ద మేలు అనుకున్నాం. ఒకరోజు మా అబ్బాయి అడిగాడు: "మేమూ బడికి పోము, ఆ అక్కా పోదు. మరి ఆ అక్కది కూడా హోమ్‌స్కూలింగేనా?"

సహోదరులారా, ఆ మాట మమ్మల్ని నిలబెట్టేసింది. మన బిడ్డ ఇంట్లో ఉంటే దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాం. కూలివాళ్ళ బిడ్డ ఇంట్లో ఉంటే బడి మానేసింది అన్నాం. మనది ఎంపిక. ఆ పాపకు ఎంపికే లేదు.

మాలో కొందరు ఆ పాపను మా చాప మీదే కూర్చోబెడదాం అన్నారు. కూర్చోబెట్టాం. కానీ అంతటితో ఆగడం న్యాయం కాదనిపించింది. రోజుకు గంటన్నర పాఠం మధ్యాహ్న భోజనం పెట్టదు, ఆరో తరగతిదాకా తీసుకెళ్ళదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ బడిని హక్కుగా ఇచ్చింది. వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. ఎప్పుడూ బడికి వెళ్ళని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడింది నేర్పాలి. ఈ మాటలు కాగితం మీద రాసుకుని పాప తల్లిదండ్రులతో కలిసి ఒక బడికి వెళ్ళాం. మొదటిసారి ఆధార్ తెమ్మని పంపేశారు. మళ్ళీ వెళ్ళాం. మూడోసారికి చేర్చుకున్నారు. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్పించాకే ఆ పాప చంక ఖాళీ అయింది. అది జరగకపోతే పేరు రిజిస్టర్లో ఉండేది, పాప షెడ్డులో ఉండేది.

ఐదు నెలలు బడికి వెళ్ళింది. సాయంత్రాలు మా పిల్లలతో కూర్చుని తెలుగు కథలు చదివింది. కట్టడం పూర్తయింది. మేస్త్రి వాళ్ళను ఇంకో చోటికి తీసుకెళ్ళాడు. వెళ్ళేరోజు పాపకు కథల పుస్తకాలు కొన్ని, బడి నుంచి తీసుకున్న కాగితం ఇచ్చి పంపాం. ఇప్పుడు ఏ బడిలో ఉందో మాకు తెలియదు. విజయగాథ చెప్పలేకపోతున్నందుకు బాధగానే ఉంది.

మన ఇంటిబడి విషయంలో కూడా ఆ చట్టం తెలిసి ఉండాలి. దానిలో ఇంటి చదువుకు ప్రత్యేక నియమాలేవీ లేవు. బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది గాని, చేర్పించనివాళ్ళకు శిక్ష పెట్టలేదు. పెద్దయ్యాక 14 ఏళ్ళు నిండితే ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. కానీ ఏడాదికోసారి మనల్ని మనం అడుగుకోవాలి: ఇది బిడ్డ మంచికోసమా, లేక బడిలో పక్కన ఎవరు కూర్చుంటారోనన్న భయంకోసమా? మన తాతలను బడి గడప తొక్కనివ్వని రోజులున్నాయి. ఆ గడపను మళ్ళీ మన ఇంట్లో కట్టుకోవద్దు.

యౌవనులారా, మీతో ఒక్క మాట. సండే స్కూల్ ఎలా పుట్టిందో తెలుసా? 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళో పిల్లలు వారంలో ఆరు రోజులు పనిలో ఉండేవాళ్ళు. ఖాళీ దొరికే ఆ ఒక్క ఆదివారం వాళ్ళకు చదవడం నేర్పడానికే ఆ బడి పుట్టింది. మన సంఘాల్లో సండే స్కూల్ గదులున్నాయి. ఆదివారం ఒక గంట పోను వారమంతా తాళం వేసే ఉంటాయి. మీకు ఫోన్లున్నాయి, కథలు ఉచితంగా ఉన్నాయి, అచ్చు తీయడానికి పేజీకి రెండు మూడు రూపాయలు. వారంలో రెండు సాయంత్రాలు ఆ తాళం తీయండి. మీ వీధిలో కట్టడం లేస్తుంటే, ఆ షెడ్డుల్లో బడి ఈడు పిల్లలు ఎందరున్నారో ఈ వారమే వెళ్ళి అడిగి రండి.

పుస్తకాల జాబితా కావాలన్నవాళ్ళకు కూడిక తర్వాత ఇస్తాం. దానిలో డబ్బుపెట్టి కొనాల్సినవి నాలుగైదు మించి లేవు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి పుస్తకం రెండు ప్రతులు అచ్చు తీస్తున్నాం. రెండోది గుమ్మం దగ్గర సంచిలో ఉంటుంది.