ఓటు అమానతు: ఎన్నికల ధనం, మన బాధ్యత

 



ప్రళయ దినాన అల్లాహ్ పలకరించని, కరుణతో చూడని ముగ్గురు వ్యక్తులను గురించి దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. తన అవసరానికి మించిన నీటిని బాటసారికి నిరాకరించినవాడు ఒకడు. అస్ర్ వేళ దాటిన తరువాత అబద్ధపు ప్రమాణం చేసి సరుకు అమ్ముకున్నవాడు మరొకడు. మూడవవాడు నాయకునికి కేవలం ప్రాపంచిక లాభం కోసమే బైఅత్ చేసినవాడు. ఏదైనా ముట్టితే కట్టుబడి ఉంటాడు, ముట్టకపోతే ముఖం తిప్పుకుంటాడు. మొదటి ఇద్దరిని గురించి మనం తరచు వింటుంటాం. మూడవవాని ప్రస్తావన మాత్రం ఎన్నికల కాలంలో సైతం మన ప్రసంగాలలోకి అరుదుగానే వస్తుంది.

బైఅత్, ఓటు ఒకటి కావు. అయితే ఓటు ఒక సాక్ష్యమనీ, ఒక సిఫారసు అనీ, ఒక వకాలతు అనీ ఉలమాలు వివరించారు. ఈ మనిషి ఈ బాధ్యతకు అర్హుడని మనం అల్లాహ్ సమక్షంలో ఇచ్చే సాక్ష్యం అది. సాక్ష్యానికి ధర పుచ్చుకున్నవానిని న్యాయస్థానంలో ఏమంటారో మనకు తెలుసు.

మన హసన్‌పర్తికి పొరుగునే ఉన్న కమలాపూర్ మండలం హుజూరాబాద్ నియోజకవర్గంలోనిది. అక్కడ 2021 అక్టోబరు 30న ఉప ఎన్నిక జరిగింది. పోలింగుకు ముందు, తమకు డబ్బు కవరు అందలేదని ఆ నియోజకవర్గపు గ్రామాలలో మహిళలు రోడ్డెక్కి నిలదీసిన దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. చూసి నవ్వుకున్నవారు చాలామంది. మాకు మాత్రం నవ్వు రాలేదు. కూలిపై బతికే ఇల్లాలికి ఆ కవరు ఇంటి కిరాయి కావచ్చు, పిల్లవాని ఫీజు కావచ్చు. ఆమెను నిందించడం సులభం. ఆ కవరును నింపినదెవరు, ఆ సొమ్ము ఎక్కడినుంచి వచ్చింది, రేపు దానిని ఎవరినుంచి రాబట్టుకుంటారు అన్న ప్రశ్నలు కష్టమైనవి. లంచం ఇచ్చేవానిని, పుచ్చుకునేవానిని ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారు. మన నిందలో మాత్రం పుచ్చుకునే పేదవాని వాటాయే ఎక్కువగా ఉంటున్నది.

చట్టం సంగతీ అంతే. ఓటుకు లంచం ఇచ్చినా, తీసుకున్నా భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఒక సంవత్సరం వరకు జైలు. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉన్నది; 2022లో సవరించిన ప్రకారం మన రాష్ట్రంలో శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షల రూపాయలు. కాని పార్టీ ఖర్చుకు ఏ పరిమితీ లేదు. చిన్న సంచికి తాళం వేసి పెద్ద సంచిని తెరిచిపెట్టినట్లున్నది ఈ ఏర్పాటు! తన అభ్యర్థి గెలుపుకోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలో చేర్చాలని సుప్రీంకోర్టు 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఆ తీర్పును నిష్ఫలం చేశారు.

2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. పార్టీకి ఎవరు ఎంత ఇచ్చారో ప్రజలకు తెలియని ఏర్పాటు అది. కంపెనీలు తమ లాభంలో ఏడున్నర శాతానికి మించి విరాళం ఇవ్వరాదన్న పాత నిబంధనను అంతకు ముందే తొలగించారు. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న ఈ రెంటినీ ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉన్నదని స్పష్టం చేసింది. తరువాత వెల్లడైన పట్టికలో దాతలలో రెండవ స్థానం హైదరాబాదుకు చెందిన ఒక నిర్మాణ సంస్థది; 966 కోట్ల రూపాయలు. ప్రభుత్వ పనులు చేసే కంపెనీలు పార్టీలకు అంతంత సొమ్ము ఎందుకు ఇస్తాయో వివరించనవసరం లేదు.

కోర్టు ఒక ద్వారం మూసింది. కాని సాధారణ చట్టంలోని నియమాన్ని ఏ ప్రభుత్వమైనా సాధారణ మెజారిటీతో మార్చివేయగలదు. 1974లో జరిగినది అదే. అందుకే ఈ కట్టుబాటు రాజ్యాంగంలోనే ఉండాలని మేము భావిస్తున్నాం. మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావన 1985లో, అదీ ఫిరాయింపుల నిషేధం కోసం పదవ షెడ్యూలుతో వచ్చింది. పార్టీల డబ్బు లెక్కలను గురించి అందులో ఒక్క మాట లేదు. జర్మనీ రాజ్యాంగం 21వ అధికరణం అక్కడి పార్టీలు తమ నిధులు ఎక్కడినుంచి వచ్చాయో, ఎలా ఖర్చయ్యాయో, తమ ఆస్తులేమిటో ప్రజలకు లెక్క చెప్పాలని విధిస్తున్నది. అటువంటి అధికరణం, దానితోపాటు పార్టీ ఖర్చుకు ఒక హద్దు మనకూ కావాలి. దీనికి పార్లమెంటులో మూడింట రెండు వంతుల మద్దతు అవసరం. వరంగల్ లోక్‌సభ స్థానానికి మన ఓటు అడగవచ్చే ప్రతి అభ్యర్థినీ, ఆ సవరణకు చేయి ఎత్తుతారా అని మనం అడగవచ్చు. కాని అతని కవరు జేబులో పెట్టుకున్నవాడు ఏ నోటితో అడగగలడు?

కొందరు సోదరులు అంటుంటారు: అందరి దగ్గరా తీసుకుందాం, నచ్చినవారికే వేద్దాం, అది మన సొమ్మే కదా అని. ఇది తెలివిగా తోస్తుంది. మన జిల్లాలోని వంగరకు చెందిన పి.వి. నరసింహారావు పేరుతో 1998లో వెలువడిన తీర్పు ఒకటున్నది. (ఆయన స్వయంగా 2002లో నిర్దోషిగా బయటపడ్డారు.) డబ్బు తీసుకుని సభలో ఓటేసిన సభ్యునికి రాజ్యాంగ రక్షణ ఉన్నదని ఆ తీర్పు చెప్పింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు దానిని తోసిపుచ్చారు. లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తవుతుందనీ, తరువాత ఓటు ఎటు వేసినా తేడా లేదనీ తేల్చారు. ఎన్నికైన సభ్యునికి వర్తించే ఈ న్యాయం, అతనిని ఎన్నుకునే మనకు వర్తించకుండా పోతుందా? మాట ఇచ్చి సొమ్ము తీసుకుని మాట తప్పితే, లంచానికి వాగ్దాన భంగం తోడవుతుంది. ఇక అది మన సొమ్మే అన్న వాదన నిజమైతే, అది మన ఒక్కరిది కాదు, ఊరందరిది. ఊరి సొమ్మును దొంగచాటుగా పంచుకోవడం హక్కు ఎలా అవుతుంది?

సోదరులారా! ఇప్పుడు మనకు మరింత దగ్గరి విషయం. ఎన్నికలు సమీపించగానే మస్జిదులకు, ఖబరస్తాన్లకు విరాళాలు వస్తాయి. ఒకరు తివాచీలు పంపుతారు, ఒకరు కూలర్లు, ఒకరు ప్రహరీగోడకు సిమెంటు. అది వ్యక్తికి కాదు, అల్లాహ్ గృహానికే కదా అని మనం సమాధానపడతాం. జకాతు వసూలుకు వెళ్ళిన ఇబ్ను లుత్బియా తిరిగివచ్చి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చినది అన్నప్పుడు దైవప్రవక్త (స) మింబరుపై నిలబడి ప్రశ్నించారు: అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక అతనికి వచ్చి ఉండేదా అని. ఎన్నికలు లేని సంవత్సరంలో ఆ తివాచీలు మన గడప దాకా వచ్చి ఉండేవా?

కనుక నోటిఫికేషను వెలువడిన నాటినుంచి ఫలితాలు ప్రకటించే దాకా ఏ అభ్యర్థి నుంచీ, ఏ పార్టీ నుంచీ మస్జిదు పేరిట ఏమీ స్వీకరించకూడదని ముతవల్లీలను, కమిటీ సభ్యులను మేము కోరుతున్నాం. ఈ తీర్మానాన్ని రాసి, సంతకాలతో నోటీసు బోర్డుపై అతికించండి. నిజంగా దాతృత్వమే ఉద్దేశమైతే ఆ దాత ఫలితాల తరువాత కూడా రావచ్చు, ఓడిపోయినా రావచ్చు. ఆగిపోయిన గోడకు శుక్రవారం చందా డబ్బాయే ఆధారం. అది పూర్తి కావడానికి మూడేళ్ళు పడితే మూడేళ్ళు పట్టనివ్వండి.