యువజనుల సభాభీతి: మన కర్తవ్యము



మన సికింద్రాబాదు వధూవర పరిచయ సభలలో, ఫోనునందు అనర్గళముగా సంభాషించు యువకులే వేదికపై నోరు మెదపజాలకున్నారు. దానిని గర్వమని మేమును నిందించితిమి. అది మా పొరపాటు. బిడియమెల్ల రోగము కాదు. కాని మితిమీరిన జనభీతిని అమెరికా మానసిక వైద్య సంఘము 1980లోనే వ్యాధుల పట్టికలో చేర్చినది. చికిత్సచే అది ఉపశమించును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు, 14416 సంఖ్యపై, రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.

అంతర్జాలమున కలిగిన పరిచయమును తృణీకరింపరాదు. బిడియస్థులకు అది తొలిమెట్టు. అయినను ముఖాముఖి కలిసికొనక, నడవడి విచారింపక, ధనమిచ్చుటయు మాటయిచ్చుటయు తగవు. కావున పిల్లలను వేదిక యెక్కుమని నిర్బంధింపక, రెండేసి కుటుంబములు ఒకచోట కూర్చుండి కాఫీ త్రాగుచు మాటలాడుకొను ఏర్పాటును ఈ యేటినుండియే చేయుదము గాక!